సాలాపు వారి మూడో కొమ్మ

గురువారం పదకొండు ఇరవై. సాయంత్రం నాలుగింటికి దేవీప్రసాద్‌ని హత్య కేసులో మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అంటే పరదేశి చేతిలో ఉన్నది నాలుగు గంటల నలభై నిమిషాలు. రిమాండు పడిందంటే కేసు ముదిరి పాకాన పడ్డట్టే, ఆ మనిషి గురించి ఇంకెవరూ రెండోసారి ఆలోచించరు.

గడువు సంగతి అలా ఉంచండి, పరదేశిని అంతకన్నా ఎక్కువ పొడుస్తున్న ముల్లు ఇంకోటుంది. ఈ కేసు పట్టింది సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ధనుంజయ్. పరదేశి ఎస్సైగా ఉన్న రోజుల్లో ఆయన పక్కన నిలబడి పంచనామా రాయడం నేర్చుకున్నవాడు. మాకవరపాలెం జంట హత్యల కేసు పరదేశి ఛేదిస్తే, ఫైలు మీద చివరికి ధనుంజయ్ పేరెక్కింది, పతకం ధనుంజయ్ చొక్కాకెక్కింది. పరదేశి ఉద్యోగం వదిలేసి డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు పెట్టుకున్నాడు. పోనీలే, మనం తయారుచేసిన వాడే కదా అని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నా, పేపర్లో ధనుంజయ్ ఫొటో పడ్డ రోజున ఆయనకి అన్నం సయించదు. ఓర్వలేనితనమే, ఇంకేం కాదు. ఆ మాట ఒప్పుకోవడానికి పరదేశి సిగ్గుపడడు. భార్య దగ్గర మాత్రమే అనుకోండి.

చనిపోయింది సాలాపు మల్లేశ్వరరావు. రిటైరైన తెలుగు లెక్చరరు, అరవై ఆరేళ్ళు, భార్య పోయింది, పిల్లల్లేరు. పన్నెండేళ్ళుగా ఆయనకి ఒకటే పిచ్చి, ఇంటిపేర్లు. ఏ ఇంటిపేరు ఏ ఊరినుంచి వచ్చింది, ఏ పనినుంచి వచ్చింది, ఇతర దేశాలవాళ్ళు ఎలా పెట్టుకుంటారు, ఇదే లోకం. దాని మీద పుస్తకం రాశాడు. అది ప్రెస్సులో ఉండగా సోమవారం తొమ్మిది నలభైకి పనిమనిషి పైడితల్లి తలుపు తోసి చూస్తే, ముందుగదిలో గడపకి తల పగిలి పడి ఉన్నాడు. పోస్టుమార్టం ప్రకారం ప్రాణం పోయింది పొద్దుట అయిదుకీ ఏడుకీ మధ్య.

మల్లేశ్వరరావు ఇంటి అరుగు మీద, మాస్టారి సహాయకుడు దేవీప్రసాద్ భార్య శ్రీదేవి కూర్చుని ఉంది. పరదేశిని పెట్టుకున్నది ఆవిడే.

“ఆదివారం మీ ఆయన మాస్టారితో ఏటన్నాడు? ఒక్క ముక్క దాచొద్దమ్మా.”

“దాచడానికేముంది బాబూ, వీధంతా ఇన్నాది. పన్నెండేళ్ళు ఎండనక వాననక ఊళ్ళట్టుకు తిరిగి కార్డులు రాసింది ఈయన. అట్ట మీద నీ పేరుండదని మాస్టారు సెప్పేసేరు. ‘మీ పుస్తకం తగలెట్టేత్తాను’ అన్నాడీయన. సాయంత్రం ఏడింటికి.”

“మరి సోమవారం?”

“రాత్రంతా పొర్లేడు. పొద్దుటే ఆరూ పదికి క్షమాపణ సెప్పుకుందామని ఎల్లేడు. తలుపు కొట్టేడు, పలకలేదు. ఇంకా కోపం తగ్గలేదనుకుని వచ్చీసేడు. పాలవాడు బండి సూసేడు. అదే పోలీసులకి సరిపోయింది.” శ్రీదేవి చీరకొంగు నోటికడ్డం పెట్టుకుంది. “నిజం సెప్పాలంటే ఆ సొరుగులంటే నాకే కుళ్ళు బాబూ. సవతున్నా ఈయన దానికింత టైమిచ్చుండడు. కానీ మనిషిని సంపడం ఈయన వల్ల కాదు. మా ఇంట్లో బొద్దింకని కూడా నేనే సంపాల.”

పరదేశికి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. కాపలా కానిస్టేబుల్ పాతవాడు, ఒకప్పుడు పరదేశి చేతికింద పనిచేసినవాడు. అటూ ఇటూ చూసి తలుపు తాళం తీశాడు.

గదిలో మూడు గోడలకీ చెక్క సొరుగులు. గడప దగ్గర సుద్దముక్కతో గీసిన గీత. పరదేశి గీత జోలికి పోకుండా ముందు సొరుగులు లాగి చూశాడు. ఒక గోడంతా ఈ చుట్టుపక్కల ఇంటిపేర్లు, దేవీప్రసాద్ ఊళ్ళు తిరిగి రాసినవి. ఇంకో గోడకి బయటి దేశాలు. ఆ కార్డుల మీద మాత్రం మాస్టారి గుండ్రటి అక్షరాలు. చైనా: మనలాగే ఇంటిపేరు ముందు, మనిషి పేరు తరవాత. ఐస్‌లాండ్: ఇంటిపేరు లేనట్టే, ఫలానావాడి కొడుకు, ఫలానావాడి కూతురు అంతే. స్పెయిన్: తండ్రిదీ తల్లిదీ రెండూ మోస్తారు. బర్మా: ఇంటిపేరు అన్నదే లేదు, రంగం (రంగూన్) పోయిన మనవాళ్ళని చూసి అక్కడివాళ్ళు పేరుకి ముందు ఈ మాటేమిటని అడిగేవారట.

“ఎక్కడెక్కడి మనుషులకో గూళ్ళు కట్టేడు,” అనుకున్నాడు పరదేశి.

రాతబల్ల అద్దం కింద ఒక కార్డు ఉంది. బహుశా పుస్తకానికి మొదటి వాక్యం. ‘ఇంటిపేరు అంటే ఏమిటి? ఎవరు పోతే నీకు మైలో చెప్పేది.’

దాన్ని రెండుసార్లు చదివాడు. పక్కనే డ్రాయింగు కాగితం మీద సాలాపు వారి వంశవృక్షం. కింది వరసలో తండ్రి బంగారయ్య, ఆయన కొడుకులు ఇద్దరు. మల్లేశ్వరరావు, కీర్తిశేషుడు సూర్యనారాయణ. బంగారయ్య పేరు కింద గీతలు మాత్రం మూడున్నాయి. మూడో గీత చివర ఖాళీ. పరదేశి కాగితం ఎత్తి కిటికీ వెలుగుకి పట్టాడు. ఆ ఖాళీ దగ్గర కాగితం ఉల్లిపొరలా పల్చబడి ఉంది. పెన్సిలుతో రాయడం, చెరపడం, మళ్ళీ రాయడం, మళ్ళీ చెరపడం. ఒకసారి చెరిపితే అంత అరగదు.

ఇక బల్ల మీద ప్రూఫుల కట్ట. పదహారేసి పేజీలకి ఒక ఫారం. ఒక్కో ఫారం నెత్తిన ప్రెస్సు ముద్ర, తేదీ. అట్ట ప్రూఫు భద్రంగా ఉంది. ఒకటినుంచి పద్దెనిమిది దాకా ఉన్నాయి. విషయసూచిక ప్రకారం పంతొమ్మిదో ఫారంలో ఉండాల్సింది వంశవృక్షాలు. అది లేదు.

“గురువుగారూ, ఇదేమైనా పిక్నిక్ స్పాటా?”

ధనుంజయ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ నలగని యూనిఫాం, చేతిలో కొత్త ఫోను. పరదేశి కడుపులో అలవాటైన మంట అలవాటైన చోటే రాజుకుంది.

“తాళం తీసింది నీ మనిషే,” అన్నాడు పరదేశి.

“వాడి సంగతి తరవాత చూస్తాను. మీరెందుకండీ ఈ వయసులో? కేసు అద్దంలా ఉంది. ఆదివారం బెదిరింపు, సోమవారం బండి, సొరుగుల నిండా వేలిముద్రలు.”

“పన్నెండేళ్ళు ఆ సొరుగుల్లో సెయ్యెట్టినోడి వేలిముద్రలు కాక నీవీ నావీ ఉంటాయేటి?”

“మోటివ్ ఉంది కదా. అసూయ.” ధనుంజయ్ ఆ మాటని తీరిగ్గా అన్నాడు. “కష్టం తనది, పేరు వేరేవాడిది అన్న కడుపుమంట. అదెలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?”

పుండు మీద కారం చల్లడమంటే అదే. కానిస్టేబుల్ తల దించుకున్నాడు. పరదేశి అయిదు అంకెలు లెక్కపెట్టుకుని అడిగాడు.

“పంతొమ్మిదో ఫారం ఏటైంది?”

“ఏ ఫారం?”

ఆ రెండు మాటలు పరదేశి చెవికి పానకంలా దిగాయి. లెక్కపెట్టలేదన్నమాట! పతకాలైతే లెక్కపెట్టుకుంటాడు గానీ.

“ప్రూఫుల్లో ఒక ఫారం లేదు. వంశవృక్షాలున్నది.”

“దేవీప్రసాదే చింపి పారేసి ఉంటాడు.”

“అట్ట మీద పేరు లేదని కోపమొచ్చినోడు అట్టని సింపుతాడు. అదిగో, నలగకుండా ఉంది. ఎవరింటి చెట్టో ఉన్న కాగితం ఆడికెందుకు? అసూయన్నావు, దాన్ని నేను కాదన్లేదు. ఎవరిదన్నదే సూడాల.”

ధనుంజయ్ మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. వెంటనే సర్దుకున్నాడు. “నాలుగింటికి కోర్టులో చెప్పుకోండి. ఇప్పుడు బయటికి నడవండి.”

ఒంటిగంటా ముప్ఫై అయిదుకి పరదేశి రెండు వీధులవతల ఉన్న ప్రెస్సులో అడుగుపెట్టాడు. ప్రెస్సు యజమాని బొద్దపు నానాజీ. యాభై ఏడేళ్ళ మనిషి, పొట్టిగా, నెమ్మదిగా ఉంటాడు. టైపు కొట్టేదీ, పేజీలు కట్టేదీ, మిషను తిప్పేదీ ఆయనే. టౌన్లో ఎవరింట శుభకార్యమైనా శుభలేఖ ఆయన చేతిమీదుగా పోవాల్సిందే.

“రా బావా. కాయితం కత్తిరిత్తన్నాను, కూకో.”

“పంతొమ్మిదో ఫారం కోసం వచ్చేను.”

“అదింకా కట్టలేదు బావా. మాస్టారు ఇత్తానన్నాడు, ఈలోగా ఇలాగయిపోయింది.” నానాజీ చేతులు కాగితం అంచులు సర్దుతూనే ఉన్నాయి. “మంచోడు. మనకంటే పెద్దోడు. ఏటి సేత్తాం.”

“సోమవారం నువ్వెక్కడున్నావు?”

“ఇక్కడే. ఎప్పుడూ ఇక్కడే.”

మాటలో తొట్రుపాటు లేదు. కానీ పరదేశి కళ్ళు వేరేచోట ఉన్నాయి. గోడకి నూకాలమ్మ పటం. నానాజీ సంగతి టౌన్లో అందరికీ తెలిసిందే, అమ్మవారికి దీపం పెట్టి, పటానికి కొత్త దండ వెయ్యనిదే మిషను స్విచ్చు ముట్టడు. ఇప్పుడు పటానికున్న దండ ఎండి గోధుమరంగుకి తిరిగింది. ప్రమిదలో నూనె లేదు. నానాజీ నుదుటిన ఎప్పుడూ ఉండే రూపాయంత కుంకంబొట్టు లేదు. గెడ్డం మాసింది.

పరదేశి బయటికొచ్చి ఎదురుగా ఉన్న టిఫిన్ బండి దగ్గర కూర్చున్నాడు. బండి తలుపులమ్మది. మధ్యాహ్నం కావడంతో ఆవిడ గిన్నెలు తోముకుంటోంది.

“అప్పా, నానాజీ బావ ప్రెస్సులో పూజ సెయ్యట్లేదేటి?”

“అదే నాకూ తెలీకుండా ఉంది బాబూ!” తలుపులమ్మ గిన్నె వదిలేసింది. అడిగేవాళ్ళ కోసమే కాచుకున్నట్టుంది. “సోమవారం పొద్దుట అమ్మవారి పెసాదం అట్టుకెల్లేను. సెయ్యి ఎనక్కి లాగీసుకున్నాడు. ‘నేను మైల్లో ఉన్నానే, పెట్టకు’ అన్నాడు.”

“ఎన్నింటికి?”

“ఏడుంపావు. పరవాడ కంపెనీ బస్సు అప్పుడే ఎల్లింది. దానికోసం వచ్చినోళ్ళు తిని పోయేక నేను పెసాదాలు పంచుతాను.”

“వాళ్ళ బొద్దపోళ్ళలో ఎవరైనా పోయేరేమో.”

“ఓలమ్మా, మాదీ బొద్దపోరే బాబూ! మా మావకీ ఆయన నాన్నకీ తాతొక్కడే. ఆరికి మైలొత్తే మాకు రాదేటి? ఎవులు పోయేరని అడిగితే మిషను ఏసీసేడు. ఇంటికెల్లి మా అత్తనడిగేను. ‘ఎవులూ పోనేదు, నోరు ముయ్యి’ అంది.”

పరదేశి గొంతు తగ్గించాడు. “నానాజీ దత్తు వచ్చినోడా?”

“అయిదేళ్ళప్పుడు తెచ్చుకున్నారంట. ఏ ఇంటినుంచో నాకు తెల్దు. మా అత్త సెప్పదు.”

“మల్లేశ్వర్రావు మాస్టారు పోయినట్టు ఈ వీధికి ఎప్పుడు తెలిసింది?”

“పది కావత్తంది. పైడితల్లి గుండెలు బాదుకుంటా వచ్చింది గదా.”

పరదేశి నీళ్ళగ్లాసు కింద పెట్టాడు. చెరిగిపోయిన మూడో పేరు ఎవరిదో ఇప్పుడు ఆయనకి తెలుసు. పేర్ల సంగతి ఆయనకి కొత్తేం కాదు. పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోతుంటే, వీడు మనవాడు కాడు, పరాయివాడు అని చావుని నమ్మించడానికి తల్లి పెట్టిన పేరే ‘పరదేశి’. ఆమె మాత్రం పేరుకే పరాయివాణ్ణి చేసింది, కొంగున కట్టుకుని పెంచింది. ఇక్కడ నిజంగానే ఇచ్చేశారు.

టైము రెండూ యాభై. ఇప్పుడు పరదేశి ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ఈ ముక్క గుప్పిట్లో పెట్టుకుని నాలుగింటికి కోర్టుకి పోవడం. విలేకరులుంటారు. అందరిముందూ గుప్పిట విప్పితే ధనుంజయ్ మొహం ఎలా ఉంటుంది! ఆ మొహాన్ని ఊహించుకుంటూ పరదేశి పూర్తిగా ఒక నిమిషం సుఖపడ్డాడు. ఈలోగా నానాజీ ఆ ఫారాన్ని పొయ్యిలో పెడితే? శ్రీదేవి మొగుడు జైలు భోజనం తింటాడు, తన కడుపుమంట చల్లారినందుకు.

తిట్టుకుంటూనే ఫోను తీశాడు.

“మీరు నాకు ఫోన్ చేశారంటే,” అన్నాడు అవతల ధనుంజయ్, “ప్రాణం మీదకైనా వచ్చుండాలి, నిజమైనా అయ్యుండాలి.”

“నిజమే. ప్రెస్సు దగ్గరికి రా. జీపు సందు మొదట్లో ఆపు, లోపలికి నేను ముందెల్తాను.”

నానాజీ ఇంకా కాగితం కత్తిరిస్తూనే ఉన్నాడు. పరదేశి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“ఎన్నో రోజు బావా?”

“ఏటి?”

“మైల.”

కత్తి ఆగింది. నానాజీ గుమ్మంవైపు చూశాడు, పటంవైపు చూశాడు. “తెలిసినోడు పోయేడు. మనసు బాలేక దండెయ్యలేదు.”

“పోయినట్టు టౌనుకి తెలిసింది పదింటికి. నువ్వు పెసాదం వద్దంది ఏడుంపావుకి. ఊరికంటే ముందు నీకు కబురెవరు సెప్పేరు?”

నానాజీ కాగితం అంచులు మళ్ళీ సర్దసాగాడు. పరదేశి తొందరపెట్టలేదు. బయట తలుపులమ్మ గిన్నెల చప్పుడు ఆగిపోయింది, వింటోందేమో.

“బంగారయ్యగారి మూడో కొడుకువి నువ్వు,” అన్నాడు పరదేశి.

ఆ మాటకి నానాజీ మొహం వెలిగింది. నిజంగా వెలిగింది. పట్టుబడ్డవాడి మొహం కాదది. యాభై ఏళ్ళుగా ఎవరో ఒకరు అంటారని ఎదురుచూసిన మాట విన్నవాడి మొహం. లేచి, తెల్లకాగితాల దొంతర అడుగునుంచి పంతొమ్మిదో ఫారం తీసి బల్ల మీద పరిచాడు.

“తగలెట్టేద్దామనుకున్నాను. నా సేత్తో అయ్యిందికాదు. నా పేరుంది గదా.”

బంగారయ్య పేరు కింద మూడో గీత చివర అచ్చులో ఉంది: ‘నానాజీ (బొద్దపు వారికి దత్తు)’. దాని మీద ఎర్రసిరాతో అడ్డగీత.

“ముందు ఇంటికెల్లి అడిగేను. పెన్సిలుతో రాసేడు, నేను గుమ్మం దాటగానే సెరిపేసేడు. ఎన్నిసార్లో! సరే, టైపు కొట్టేది నేనే గదా అని మొదటి ప్రూఫులో నేనే ఎక్కించేను. కొట్టేసేడు. రెండోదాన్లో ఎక్కించేను, కొట్టేసేడు. ఇది మూడోది. సోమవారం అయిదున్నరకి నేనే అట్టుకెల్లేను. నా కళ్ళముందే ఎర్రపెన్ను తీసేడు.” నానాజీ గొంతు పైకి లేచింది. “ఐస్‌లాండోడికి పేజీ ఉంది బావా! కొరియావోడికి రెండు పేజీలున్నాయి! ఆ పేజీలన్నీ నేనే కట్టేను. తోడబుట్టినోడికి ఒక్క లైను లేదు!”

“ఎందుకు లేదన్నాడు?”

“నేనూ అదే అడిగేను. దత్తు పోయినోడు తెగిన కొమ్మ, రూలు ఒప్పదన్నాడు. పుస్తకం నీది, రూలెవడిదన్నాను. అప్పుడు సెప్పేడు అసలు మాట.” నానాజీ చూపు ఎర్రగీత మీదికి పోయింది. “‘అమ్మ సచ్చీదాకా నీ పేరే జపం సేసింది. నిన్నిచ్చేసేనని ఏడ్డమే సరిపోయింది దానికి. కూడా ఉన్నోళ్ళం మేవిద్దరం కళ్ళకానలేదు. అమ్మంతా నీకే పోయింది, ఈ కాయితమైనా మాకుండనీ’ అన్నాడు. నాకు ఇంటిపేరు లేదని నేను కుళ్ళిపోయేను. ఆడు అమ్మ లేదని కుళ్ళిపోయేడు. ఆ పెన్ను లాక్కోబోయేను. వదల్లేదు. నెట్టేను. గడప తగిలింది. పిలిచేను బావా, అన్నా అని. అలా పిలవడం అదే మొదటిసారి.”

గుమ్మం దగ్గర బూట్ల చప్పుడైంది. ధనుంజయ్ ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో, టోపీ చేతిలో ఉంది.

పరదేశిని ఒక్కటే ఇంకా తొలుస్తోంది. “దత్తు పోయినోడికి పుట్టింటి మైల మూడ్రోజులే నానాజీ. నిన్నటితో తీరిపోయింది. ఇవాళ తలంటుకుని దీపం పెట్టాల. ఇవాళ నువ్వు మామూలుగా కనపడుంటే నేను రెండోసారి నీ మొహం సూసుండేవాణ్ణి కాదు.”

“తెలుసు,” అన్నాడు నానాజీ. “మూడ్రోజులు బొద్దపోడికి. నేను పదిరోజులూ పడతాను. పాలివోణ్ణి నేను, సాలాపోణ్ణి. అన్నదమ్ముల్లో మిగిలింది నేనొక్కణ్ణే. నేను పట్టకపోతే ఆడికెవడు పడతాడు?”

గోడగడియారం మూడూ ఇరవై చూపిస్తోంది. ధనుంజయ్ స్టేషనుకి ఫోన్ చేసి, దేవీప్రసాద్‌ని కోర్టుకి బయల్దేరదియ్యొద్దని చెప్పాడు. పరదేశి వైపు చూసి ఏదో అనబోయి, “థాంక్సండీ,” అన్నాడు. రేపు పేపర్లో ఎవరి ఫొటో పడుతుందో పరదేశికి తెలుసు. మంట ఉంది, లేకపోలేదు. కానీ బల్ల మీద ఆ ఎర్రగీత కనపడుతుంటే, దాన్ని రాజెయ్యడానికి ఆయనకి భయమేసింది.

ధనుంజయ్ అరెస్టు కాగితం తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. “ఇంటిపేరు?”

“సాలాపు,” అన్నాడు నానాజీ. “సాలాపు నానాజీ.”

ధనుంజయ్ రాశాడు. నానాజీ మెడ చాచి, అక్షరాలు ఒక్కొక్కటే పడుతుంటే చూశాడు. అంతలో ధనుంజయ్ తలెత్తాడు. గోడకి ఫ్రేము కట్టిన ప్రెస్సు లైసెన్సు కనపడింది, దాని మీది పేరు కనపడింది. పెన్ను తిప్పి, రాసినదాని మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన ‘బొద్దపు’ అని రాశాడు.

“రికార్డు ప్రకారమే రాయాలి,” అన్నాడు, ఎవరికో సంజాయిషీ చెబుతున్నట్టు.

అంతసేపూ కంట తడి పెట్టని నానాజీ అప్పుడు ఏడ్చాడు. రెండు చేతులూ బల్లకి ఆనించి, ఆ గీతనే చూస్తూ ఏడ్చాడు.

“నాలుగోసారి బావా,” అన్నాడు పరదేశితో. “నాలుగోసారి కొట్టేసేరు.”